మగ్గం గుంటలో పాదం

మంగళగిరిలో నడివీధిన నిలబడి "పానకాలూ!" అని కేక వేస్తే నలుగురు పలుకుతారు. కొండమీద నరసింహస్వామి నోట్లో బెల్లం పానకం పోస్తే గుటగుటమని తాగి, సగం కాగానే చాలని, మిగతా సగం భక్తుడికే వదిలేస్తాడు. ఆ పానకాలస్వామి పేరు పిల్లలకి పెట్టుకోవడం ఆ ఊరి అలవాటు. కానీ మగ్గాల వీధిలో "పానకాలు కాలు" అంటే మాత్రం ఒక్కడి కాలే. తన కాలి సంగతి గుంటూరు దాకా తెలుసని అతనే చెప్పేవాడు. గుంటూరు వెళ్ళి అడిగి వచ్చినవాళ్ళు లేరు గనక అది అబద్ధమని ఇప్పటిదాకా ఎవరూ రుజువు చెయ్యలేదు.

గుంట మగ్గం చూడనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. నేతగాడు నేలమీదే కూర్చుంటాడు, కాళ్ళు మాత్రం గుంటలోకి దించుతాడు. గుంట అడుగున రెండు తొక్కుడు చెక్కలుంటాయి. కుడికాలితో ఒకటి అదిమితే పడుగు దారాల్లో సగం పైకి లేస్తాయి, ఎడమకాలితో రెండోది అదిమితే తక్కిన సగం లేస్తాయి. ఆ సందులోంచి పేక దారం మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది. చేతులు చేసే పని ఊరంతా చూస్తుంది. కాళ్ళు చేసేది గుంటకే తెలుసు. పానకాలు గొప్పంతా ఆ గుంటలోనే ఉండేది.

"నా కాలి వేళ్ళకి కళ్ళున్నాయోయ్" అనేవాడు.

చూడముచ్చటైన వేళ్ళే అవి. విడివిడిగా, పొడుగ్గా, చేతివేళ్ళలా ఉండేవి. నాడెలో పెట్టే దారపు కండె జారి గుంటలో పడితే తక్కిన నేతగాళ్ళు తిట్టుకుంటూ వంగేవాళ్ళు. పానకాలు వంగేవాడు కాదు. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య కండెని పట్టి, మోకాలు పైకెత్తి, కాలితోనే చేతికి అందించేవాడు. కళ్ళు మాత్రం బట్టమీద నుంచి కదిలేవి కావు. ఇది వీధిలో అందరూ చూసిందే.

చూడనిది పాము సంగతి. ఒక వానాకాలం గుంటలోకి పాము దిగిందట. కుడికాలి వేళ్ళతో దాని మెడ నొక్కిపట్టి, మధ్యలో ఆపితే అంచు చెడుతుందని రెండు చెక్కలూ ఎడమకాలితోనే తొక్కుతూ ఇంకో జానెడు నేసి, అప్పుడు తీరిగ్గా "ఏమే, కర్ర పట్టుకురా" అన్నాడట. మొదటిసారి చెప్పినప్పుడు అది నీళ్ళపాము. రెండేళ్ళకి తాచయింది. పంతొమ్మిదివందల డెబ్భై రెండు వచ్చేసరికి దాని పడగ నీడ చీర కొంగు మీద పడుతోంది.

"కర్ర తెచ్చింది నేనేగా. అది వానపాము" అనేది భార్య సంపూర్ణమ్మ, రాట్నం తిప్పుతూనే. కండెలు చుట్టడం ఆమె పని. ఆ వీధిలో ఆడవాళ్ళు రాట్నం దగ్గరా, మగవాళ్ళు గుంటలోనూ. ఇరవై రెండేళ్ళుగా ఆయన అబద్ధాలూ ఆమె కండెలూ ఒకే చావిట్లో పక్కపక్కన చుట్టుకుంటూ వచ్చాయి.

డెబ్భై మూడు ఎండాకాలంలో పానకాలుకి దాహం పట్టుకుంది. మామూలు దాహం కాదు. కూజాలు కూజాలు ఖాళీ చేసేవాడు. గంటకోసారి మగ్గం మీంచి లేచి పెరట్లోకి పోయేవాడు. పెరటి గోడవార అతను కూర్చున్న చోటల్లా చీమలు బారులు తీరేవి. ఎదురింటి బసవయ్య కూడా నేతగాడే. వరసకి బావ, చిన్నప్పట్నుంచీ ఒకరినొకరు ఏడిపించుకోవడమే పని. గోడమీదుగా చూసి, "బావా, స్వామికి అన్నేసి బిందెల పానకం పోసినా కొండమీద ఒక్క చీమ కనపడదంటారు. నువ్వేమో ఆయన పేరు పెట్టుకుని ఊళ్ళో చీమలన్నిటికీ సంతర్పణ చేస్తున్నావే!" అన్నాడు.

"నా ఒంట్లో తియ్యదనం అలాంటిదిరా. నీ ఒంటికి ఈగ కూడా రాదు" అన్నాడు పానకాలు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వుల్లో ఇంకో సంవత్సరం గడిచిపోయింది.

ఆ సంవత్సరమంతా అరికాళ్ళు మండేవి. తరవాత మంట తగ్గింది. తగ్గిందని సంతోషించాడు గానీ, మంటతో పాటు నేల కూడా పోయింది. ఎక్కడ అడుగు పెట్టినా కింద దూది పరిచినట్టుండేది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో గొప్ప ఏముంది? పడిపోయిన కండెని కాలితో వెతికితే కండె తగలదు. తగిలినా తగిలినట్టు తెలియదు. చుట్టూ చూసి, ఎవరూ లేనప్పుడు వంగి చేత్తో తీసుకునేవాడు. మనిషి అలిసిపోయినట్టుగా ఉండేవాడు. వయసు నలభై ఆరు. అద్దంలో అరవై కనిపించేది.

డెబ్భై నాలుగు రోహిణి కార్తెలో జరీ కొనడానికి బసవయ్యతో కలిసి బెజవాడ బస్సెక్కాడు. బ్యారేజీ దాటి, బస్టాండులో దిగి, ఎండలో తారురోడ్డు మీద ఇద్దరూ నడుస్తున్నారు. ఎదురొచ్చిన సోడాబండివాడు పానకాలు కాళ్ళకేసి చూసి నిలబడిపోయాడు.

"ఏవండీ, రెండో చెప్పేదండీ?"

పానకాలు కిందికి చూసుకున్నాడు. ఎడమకాలికి చెప్పుంది. కుడికాలికి లేదు. బస్సులో జారిందో, బ్యారేజీ మీద కిటికీలోంచి కృష్ణలో పడిందో దేవుడికెరుక. తారు మెత్తబడి బుడగలొస్తున్న ఆ రోడ్డు మీద ఉత్త కాలితో ఫర్లాంగు నడిచాడు. బసవయ్య వంగి ఆ పాదం ఎత్తి చూశాడు. అరికాలి ముందు భాగమంతా బొబ్బ ఉబ్బి, తారు అంటుకుని నల్లగా ఉంది.

"నొప్పి లేదూ?" అన్నాడు.

"అబ్బే. నేతగాడి కాలు బావా ఇది. నిప్పులు తొక్కినా..."

బసవయ్య నవ్వలేదు. పుట్టి బుద్ధెరిగాక అతను నవ్వనిది అదే మొదటిసారి. రిక్షా పిలిచి గవర్నరుపేటలో అబ్రహాము డాక్టరు గారి దగ్గరికి తీసుకుపోయాడు. బల్లమీద కూర్చోబెట్టి, "నీకు చెప్పులు కొనుక్కొస్తా" అని బయటికి వెళ్ళాడు. చెప్పులు తరవాత కొందాంలే అని బసవయ్య అక్కడే ఉండి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది. డాక్టరు చెప్పిన మాటలు పానకాలు ఒక్కడే విన్నాడు.

అబ్రహాము గారు ముసలాయన, మాట మెత్తన, చూపు అలసట. గాజు గొట్టంలో నీలం రంగు మందు పోసి, పానకాలు మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచాడు. నీలం ఆకుపచ్చయింది, పసుపయింది, చివరికి ఇటుక రంగుకి వచ్చి ఆగింది.

పానకాలుకి రంగులంటే ప్రాణం. "ఆహా! మా అద్దకం వాళ్ళు తలకిందులైనా ఇంత నిండు ఇటుక రంగు రాదండి."

"ఇది నీలంగానే ఉండాలయ్యా" అన్నాడు డాక్టరు. "ఎంత మారితే ఒంట్లో అంత చక్కెర. నీకు ఎన్నేళ్ళ నుంచో ఉంది."

తరవాత పాదం పట్టుకున్నాడు. కళ్ళు మూసుకోమన్నాడు. దూదితో రాశాడు, పానకాలుకి తెలియలేదు. రెండు కొమ్ముల శ్రుతి కడ్డీని మోగించి బొటనవేలి ఎముక మీద పెట్టాడు. చెవికి మోత వినిపించింది గానీ ఎముకకి అదురు తెలియలేదు. కాలివేళ్ళు విసనకర్రలా విప్పమన్నాడు. పానకాలు విప్పాననుకుని కళ్ళు తెరిచి చూస్తే వేళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆఖరికి మందులచీటీ ముక్క ఒకటి బొటనవేలి కింద పెట్టి, "అదిమి పట్టు, నేను లాగుతా" అన్నాడు.

పానకాలు పళ్ళు బిగించాడు. పాము మెడ నొక్కిన కాలు అది. మెడ నరాలు తేలేదాకా అదిమాడు. కాగితం వెన్నలోంచి వచ్చినట్టు సుతారంగా వచ్చేసింది.

"ఇంకోసారి" అన్నాడు పానకాలు.

ఇంకోసారీ వచ్చేసింది.

అప్పుడు చూసుకున్నాడు తన కాలిని నిజంగా. ఎన్నాళ్ళయిందో చూసుకుని! పాదం పైన ఎముకల మధ్య గాడులు పడ్డాయి, ఎండిపోయిన చేలో సాళ్ళలా. పాదం నడిమి వంపు విల్లులా ఎత్తుగా లేచింది. వేళ్ళు మొదట్లో పైకి లేచి, చివర్లు కిందికి ముడుచుకుని కోడికాలిలా ఉన్నాయి.

డాక్టరు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "నీ పని ఏమిటి? నేతా? అయితే నీకు త్వరగా తెలుస్తుంది. పిక్కలో పెద్ద కండలున్నాయి. వాటి తాళ్ళు వేళ్ళ చివర దాకా వచ్చి వేళ్ళని ముడుస్తాయి. పాదంలోనే, ఈ ఎముకల సందుల్లో, చిన్న చిన్న కండలున్నాయి. అవి వేళ్ళని చాపి నేలకి ఆనించి ఉంచుతాయి. రెండూ సమంగా లాగితేనే వేలు తిన్నగా ఉంటుంది. చక్కెర నీ నరాల్ని కొసనుంచి తింటూ వచ్చింది. ఒంట్లో పాదమే అన్నిటికన్నా దూరం గదా, ముందు అక్కడే పోతుంది. నరం పోయాక ఆ చిన్న కండలకి పని చెప్పేవాడు లేడు. ఎండిపోయాయి. పెద్దవి మాత్రం ఇంకా లాగుతున్నాయి."

పానకాలు పాదంకేసి చూశాడు. "అంటే ఒకవైపు పడుగు సడలిపోయి, రెండోవైపు బిగి అలాగే ఉందన్నమాట."

"అంతే. అప్పుడు బట్ట ఏమవుతుంది?"

"ముడుచుకుపోతుందండి."

"నీ వేళ్ళూ అంతే. ఒంటి బరువు వేళ్ళు పంచుకోవడం మానేశాయి, మొత్తం ఇదిగో ఈ వేళ్ళ మొదట్లో పడుతోంది. అందుకే ఇక్కడ కాయ కాసింది, చెప్పు జారిపోయింది."

"మళ్ళీ వస్తాయాండి, ఆ చిన్న కండలు?"

"రావు." డాక్టరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఉన్న కాలు నిలబెట్టుకోవాలి. మాత్రలు వేసుకో. రోజూ అరికాలు అద్దంలో చూసుకో. దెబ్బ తగిలితే నీ కాలు నీకు చెప్పదు, నీ కళ్ళే చెప్పాలి. మూడు నెలలు మగ్గం గుంటలో దిగకు. కాలిమీద ఏదీ బిగించి కట్టకు. పుండు పడిందంటే కాలు తీసెయ్యాల్సి రావచ్చు."

తిరుగు బస్సులో కొత్త చెప్పులకి మడమ దగ్గర వార్లు ఉన్నాయి, జారకుండా. బసవయ్య తెలివైనవాడు. "ఏమన్నాడు?" అని అడిగాడు.

"బొబ్బ. పది రోజుల్లో మానుతుందిట."

ఇంటి దగ్గర సంపూర్ణమ్మ కూడా అదే అడిగింది.

"ఇంత చక్కని పాదం నా సర్వీసులో చూడలేదన్నాడు" అన్నాడు పానకాలు, తలుపు దగ్గర వార్లు విప్పుకుంటూ. "ఒంట్లో కాస్త చక్కెర ఉందిట. కాఫీలో మానెయ్యమన్నాడు."

మాత్రలు వేసుకున్నాడు. కాఫీలో చక్కెర మానేశాడు. బొబ్బ మానింది కూడా. గుంటలోకి మాత్రం దిగాడు. దిగక? తాత తవ్విన గుంట అది. మగ్గం మీద జరీతో నేసే నిజాం అంచు చీర సగంలో ఉంది. మగ్గం ఆగితే చేనేత సంఘంవాళ్ళు నూలు ఇంకొకరికి ఇస్తారు. అదీ భయమే. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. గుంటలో కాలు పెట్టని పానకాలు వీధిలో ఎవడు? కాలు సంగతి తీసేస్తే అతని దగ్గర చెప్పుకోవడానికి ఒక్క కథ మిగలదు.

కాలు వినలేదు. చెక్కమీద పెట్టిన పాదం చెక్కమీద ఉందో లేదో తెలిసేది కాదు. వంగి చూసుకోవాలి. చూసుకుని చెయ్యి కదిపేలోపు అది పక్కకి జారిపోయేది. దారాలు సగమే లేచేవి, నాడె వాటిల్లో చిక్కుకునేది, పోగులు తెగేవి. తెగిన పోగు ముడివేసి, మళ్ళీ తొక్కి, మళ్ళీ జారి. మగ్గాల వీధిలో ఎవరి మగ్గం చప్పుడు ఎవరిదో పసిపిల్లలు కూడా చెబుతారు. పానకాలు మగ్గం చప్పుడు ఆగి, ఆగి, ఒకసారి రెండు దెబ్బలు, ఒకసారి ఏమీ లేదు.

"బావా, నీ మగ్గానికి నత్తి వచ్చిందేమిటి?" అన్నాడు బసవయ్య గుమ్మంలోంచి.

"కొత్త నేత. నీకు తెలియదులే."

మర్నాడు పొద్దున్న, సంపూర్ణమ్మ సంఘానికి వెళ్ళినప్పుడు, పానకాలు ఒక పని చేశాడు.

ఇంకొకడైతే చెక్కకి గంతగుడ్డ చుట్టేవాడేమో, మేకు కొట్టేవాడేమో. నేతగాడి చేతికి దొరికేది దారం. జారేదాన్ని ముడి వెయ్యడం అతని చేతులకి ఊపిరంత అలవాటు. ఎనిమిది పోగులు కలిపి పురి పెట్టాడు, మైనం రాశాడు, కుడికాలి వేళ్ళ మొదట్లో రెండు చుట్లు చుట్టి చెక్కకి బిగించాడు. నేతగాళ్ళ ముడి అది, ఎంత లాగితే అంత బిగుస్తుంది. నొప్పి పెడితే ఆపుదామనుకున్నాడు. నొప్పి పెట్టలేదు. ఇంకాస్త బిగించాడు.

కాలు జారలేదు. పిక్కలో మిగిలిన పెద్ద కండలు లాగితే పాదం, పాదంతో చెక్క కలిసి కదిలాయి. దారాలు లేచాయి, నాడె పరుగెత్తింది, మగ్గం మోగింది. వీధంతా విన్నది. బసవయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"పోయింది బావా నత్తి!"

"చెప్పలా? కాలు కొంచెం అలక పెట్టుకుంది. బుజ్జగించాను" అన్నాడు పానకాలు. ఆ ఒక్క రోజు అతని మొహంలో అలసట లేదు.

ఆరు రోజులు నేశాడు. సాయంత్రం ముడి విప్పడం, పొద్దున్న కట్టడం. నాలుగో రోజుకి కాలు వాచింది. గుంట చీకట్లో కాలు వాచిందని తెలియదు గనక, దారం పొట్టిదయిందనుకుని ఇంకాస్త లాగి కట్టాడు. దారం అచ్చులు కనపడకుండా సాయంత్రం గుడ్డ చుట్టుకుని పడుకునేవాడు. సంపూర్ణమ్మ అడిగితే, "నూనె రాశాను, పక్కబట్టలకి అంటుతుందని" అన్నాడు.

చీమలు ఆరో రోజున వచ్చాయి. పెరటి గుమ్మం లోంచి చావిట్లోకి, చావిట్లోంచి మగ్గం పక్కగా, గుంట అంచు మీదుగా లోపలికి. ఒక్కటే బారు, ఎర్రచీమలు.

"గంజికి వచ్చాయి" అన్నాడు పానకాలు, చూపు తిప్పకుండా. పడుగుకి పెట్టిన గంజికి అప్పుడప్పుడూ వస్తాయి.

సంపూర్ణమ్మ పడుగు చూసింది. పడుగుమీద ఒక్క చీమ లేదు. అన్నీ కిందికి పోతున్నాయి. ఆమె వంటింట్లోకి వెళ్ళి పసుపు దోసిట్లో పోసుకుని వచ్చింది.

"కాస్త కాళ్ళు ఎత్తండి, చల్లుతాను."

"తరవాత చల్లుదువులే. అంచు మీద ఉన్నాను."

"ఎత్తమంటుంటే!"

"ఎత్తలేనే" అన్నాడు. ఆ మాట ఎలా వచ్చిందో అలాగే వచ్చింది, దానికి తోక లేదు, పడగ లేదు.

ఆమె గుంట పక్కన బోర్లా పడుకుని లోపలికి తొంగి చూసింది. పసుపు చేతుల్లోంచి జారిపోయింది. కుడిపాదం చెక్కకి కట్టేసి ఉంది. దారం కనపడటంలేదు, వాచిన వేళ్ళలోకి దిగిపోయింది. బొటనవేలి పక్క రెండు వేళ్ళు నేరేడుపళ్ళలా ఉన్నాయి. వాటినిండా చీమలు. కదులుతున్నాయి, కుడుతున్నాయి. పైన కూర్చున్న మనిషి నాడె చేతిలో పట్టుకుని ఆమెకేసి చూస్తున్నాడు, దాచింది బయటపడ్డ మనిషి చూపుతో. అంతేగాని కాలికి ఏమవుతోందో ఆ మొహానికి ఇంకా తెలియదు.

"బసవయ్యన్నా!" అని ఆమె పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది.

బసవయ్య కత్తెరతో ముడి కోశాడు. కోస్తున్నంతసేపూ తిట్టాడు. తిట్లయ్యాక ఏడ్చాడు. ఆ మధ్యాహ్నమే బ్యారేజీ మీదుగా టాక్సీలో తీసుకుపోయారు. అబ్రహాము గారు చూసి, చేతులు కడుక్కున్నాడు. ఆయన చెప్పిన పెద్దాసుపత్రిలో బొటనవేలి పక్క రెండు వేళ్ళు తీసేశారు. పాదం మిగిలింది. ఇంకో రెండు రోజులాగితే మోకాలి దాకా పోయేదన్నారు.

ఆసుపత్రికి చూడ్డానికొచ్చిన అబ్రహాము గారు సంపూర్ణమ్మతో, "నేను చెప్పింది ఈయన మీకు చెప్పలేదా అమ్మా?" అన్నాడు.

"ఇంత చక్కని పాదం మీ సర్వీసులో చూడలేదన్నారట కదండీ."

ముసలి డాక్టరు పానకాలు వైపు తిరిగాడు. పానకాలు గోడవైపు తిరిగాడు. డాక్టరు దుప్పటి కొంచెం పైకి లాగి కప్పి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి నలభై రోజులయింది. కాలు బల్లమీద ఎత్తి పెట్టుకుని కూర్చోవాలి. నడిస్తే కర్ర. గుంట వైపు చూడకుండా కూర్చునేవాడు. కానీ మగ్గం చావిట్లోనే ఉంది, పక్కకి చూసినా వెనక్కి చూసినా కంటికి తగులుతుంది. సగం చీర అలాగే ఉంది. పడుగు గంజి ఎండి పెళుసెక్కుతోంది. ఇంకో పది రోజులైతే పోగులు పటపటా తెగిపోతాయి.

"మా తమ్ముణ్ణి పంపిస్తా బావా. నాలుగు రోజుల్లో చీర నేసి దించేస్తాడు" అన్నాడు బసవయ్య.

"నా గుంటలో ఇంకొకడి కాలా?" అన్నాడు పానకాలు. కోపంగా అందామనుకున్నాడు. ఓపిక లేక మామూలుగానే వచ్చింది. బసవయ్య తల వంచుకుని వెళ్ళిపోయాడు.

సంపూర్ణమ్మ రాట్నం ఆపింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. గుంటలో పసుపు చల్లింది. తరవాత అంచు మీద కూర్చుని కాళ్ళు లోపలికి దించింది.

"ఏమే, ఏం చేస్తున్నావు?"

"కనపడటంలా?"

"నీకేం వచ్చు?"

"పెడనలో మా అన్నకి టైఫాయిడ్ వచ్చినప్పుడు రెండు నెలలు నేశాను. పెళ్ళిచూపుల్లో మా నాన్న మీకు చెబుదామనుకున్నాడు. మీరు మీ కాలి గొప్పలు మొదలుపెట్టారు, ఆయనకి సందు దొరకలేదు."

మొదటి దెబ్బ వంకరగా పడింది. రెండోది మరీ గట్టిగా పడింది. పానకాలు బల్లమీద నుంచి ముందుకి వాలాడు. "కుడి! కుడి అదిమాక ఎడమ వదలాలి. మడమతో కాదు, వేళ్ళ మొదలుతో..."

"మీరు నోరు మూసుకుని కండెలు చుట్టండి. నాడె ఖాళీ అవుతోంది."

రాట్నం బల్లపక్కకి జరిపి ఉంది. ఎప్పుడు జరిపిందో. పానకాలు దాన్ని చూశాడు, వీధి తలుపుకేసి చూశాడు. తలుపు తెరిచే ఉంది. వీధిలో పోయేవాళ్ళకి గుంటలో ఆవిడా, రాట్నం దగ్గర ఆయనా కనపడతారు. తలుపు వెయ్యమని అనబోయి మానుకున్నాడు. రాట్నం పిడి పట్టుకున్నాడు.

మొదటి కండె వదులుగా వచ్చింది. ఆమె దాన్ని విప్పి మళ్ళీ చుట్టమని ఇచ్చింది. ఇరవై రెండేళ్ళలో ఆమె చుట్టిన కండె ఒక్కటి కూడా వదులుగా లేదని పానకాలుకి ఆ రోజు తెలిసింది.

మూడో రోజు మధ్యాహ్నం అతను అందిస్తున్న కండె చేతిలోంచి జారి గుంటలో పడింది. వంగబోయాడు, కాలు రాలేదు. సంపూర్ణమ్మ కళ్ళు బట్టమీదే ఉన్నాయి. గుంటలో ఏదో కదిలింది. మోకాలు పైకి లేచింది. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య కండె ఉంది. కాలితోనే అందుకుని నాడెలో పెట్టుకుని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

పానకాలు రాట్నం తిప్పడం మర్చిపోయాడు. "ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాడు.

"రోజూ చూశాగా."

ఐదో రోజుకి చీర దిగింది. బసవయ్య వచ్చి, మగ్గం మీంచి తీసి చాపమీద పరిచి, తను చూడకుండానే పానకాలు ముందుకి తోశాడు. నేతగాడు బట్టని చూడడు, తాకుతాడు. చెయ్యి మారిన చోట బట్టలో గీత తగులుతుంది. ఒకరి దెబ్బ బిగువు ఇంకొకరికి రాదు. ఆ గీత ఎక్కడుందో పానకాలుకి తెలుసు, అంచుమీద తను ఆపిన చోటు అది. కళ్ళు మూసుకుని చేతివేళ్ళతో తడిమాడు. తన నేత మీదనుంచి ఆమె నేత మీదికి వేళ్ళు నడిపించాడు, వెనక్కి తెచ్చాడు.

గీత తగల్లేదు.

ఇంకోసారి నడిపించాడు. డాక్టరు మాట గుర్తొచ్చింది. చక్కెర నరాల్ని కొసనుంచి తింటూ వస్తుంది, ముందు దూరంగా ఉన్న పాదాలు. పాదాల తరవాత దూరంగా ఉండేవి చేతివేళ్ళే. నిజంగానే గీత లేదా, తన వేళ్ళకే తెలియడంలేదా? ఎన్నిసార్లు తడిమినా ఆ రెండిట్లో ఏదో తేలలేదు. బసవయ్యని చూడమనొచ్చు. అడగలేదు.

"ఏం, దొరికిందా?" అంది సంపూర్ణమ్మ, గుంట అంచు మీద కూర్చుని కాళ్ళు తుడుచుకుంటూ.

పానకాలు కళ్ళు తెరిచాడు. "లేదు. బాగా నేశావు" అన్నాడు.

అది నిజమో అబద్ధమో అతనికే తెలియదు. చీర మడతపెట్టి బసవయ్యకి ఇచ్చి, రాట్నం దగ్గరికి జరిగాడు.